కుడికి ఒకటి, ఎంటర్ రెండుసార్లు

మొన్న సోమవారం మా ప్రెస్సు గోదాములోంచి ఒక పాత కంప్యూటరును బయటికి తీశారు. అందులో ఏవో పాత పుస్తకాల ఫైళ్ళు ఉన్నాయట, చూడమని నా బల్ల మీద పెట్టారు. స్విచ్చు వేయగానే ఫ్యాను గరగరమంటూ తిరిగింది. కాసేపటికి లోపల పేరుకుపోయిన దుమ్ము వేడెక్కి, ఎండలో వేసిన పాత పరుపులాంటి వాసన వచ్చింది. కిటికీ బయట ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎప్పటిలాగే హారన్లు మోగుతున్నాయి. నేను మాత్రం తుడవడానికి తెచ్చిన గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. అది రామ్మోహన్ గారి షాపు వాసన. ఆయన పోయి మూడేళ్ళవుతోంది. ఆయన్ను చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ సగంలో ఆపేశాను. ఎందుకంటే ఆయన గురించి చెప్పాలంటే నేను చేసిన పని కూడా చెప్పాలి. ఈసారి చెప్పేస్తాను.

రామ్మోహన్ గారిది దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో, మొదటి అంతస్తులో ఒక చిన్న టైపింగ్ షాపు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, కర్రీ పాయింట్లు. పోటీ పరీక్షల స్టడీ మెటీరియల్, పెళ్ళి కార్డులు, కోర్టు కాగితాలు, ఎవరేది తెస్తే అది తెలుగులో టైపు చేసి ఇచ్చేవాళ్ళం. ఆయన బాపట్ల దగ్గర్నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా మాట మాత్రం అక్కడిదే. నేనేమో నల్గొండ పిల్లను. మా నాన్న ట్రాలీ ఆటో నడిపేవాడు, మీర్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఏ ఉద్యోగమూ దొరక్క, దొరికినవి నిలవక, ఆ షాపు మెట్లెక్కాను. నాకు నోటి దురుసు ఎక్కువ, ఓపిక తక్కువ. మొదటి రోజే ఆ సంగతి ఆయనకు తెలిసిపోయింది. అయినా ఉంచుకున్నారు.

ఆ మొదటి రోజు ఆయన కంప్యూటరు ఆన్ చేస్తే తెర మీద మూడు బొమ్మలు వరసగా వచ్చాయి. ఎడమ పక్క చీపురు, మధ్యలో 'అ' అక్షరం, కుడి పక్క టీ గ్లాసు. నేను అప్పటిదాకా అలాంటిది చూడలేదు. మాకు కాలేజీలో కంప్యూటరు ఆన్ చేస్తే నేరుగా తెరుచుకునేది.

"భయపడకమ్మా, ఇందులో రెండు కాపురాలున్నాయి," అన్నారాయన.

"రెండు కాపురాలేంది సార్?"

"ఒకటి విండోస్, ఒకటి లినక్స్. మన తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ పాతకాలంది, అది విండోస్‌లో తప్ప పనిచెయ్యదు. అదే 'అ' బొమ్మ. మిగతా పనులన్నీ లినక్స్‌లో. అది టీ గ్లాసు. మన ఫైళ్ళు దాచుకునేది కూడా అక్కడే. ఆన్ చెయ్యగానే ఎటు పోతావని అడిగే ఈ ప్రోగ్రాముని బూట్ లోడర్ అంటారు. మామూలుగా అయితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలొస్తాయి. నాకు నచ్చక బొమ్మలొచ్చేది పెట్టుకున్నాను."

"మరి చీపురు?"

"అది శనివారం పని," అన్నారు.

షాపుకు వచ్చేవాళ్ళంతా పెన్‌డ్రైవులు తెచ్చేవాళ్ళు, వాటితో పాటు వైరస్‌లు తెచ్చేవాళ్ళు. విండోస్ వైపు వారానికొకసారి పాడయ్యేది. అందుకని ఆయన శుభ్రమైన విండోస్ నకలు ఒకటి పక్కన దాచి పెట్టుకున్నారు. శనివారం సాయంత్రం ఆ వారం టైపు చేసిన ఫైళ్ళన్నీ లినక్స్ వైపుకు మార్చి, చీపురు బొమ్మ మీద ఎంటర్ కొట్టేవాళ్ళు. ఒక్క ప్రశ్న వచ్చేది, ఊడ్చెయ్యమంటావా అని. ఇంకో ఎంటర్. అంతే, విండోస్ వైపున్నదంతా తుడుచుకుపోయి శుభ్రమైన నకలు వచ్చి కూర్చునేది. మార్చకుండా వదిలేసిన ఫైలు ఏదైనా ఉంటే అది ఇక ఎవరికీ దక్కదు.

ఆ బొమ్మల మెనూలో, ఏది ఎంచుకోబోతున్నామో చూపే వెలుగు చట్రం ఆన్ చేయగానే ఎప్పుడూ మధ్యలో ఉన్న 'అ' మీదే ఉండేది. పొద్దున షాపు తెరిచేది ఆయనే. తొమ్మిదికి వచ్చి, కుడి బాణం ఒకసారి నొక్కి టీ గ్లాసు మీదికి వచ్చి ఎంటర్ కొట్టేవారు. కాసేపటికి పేరు అడిగే తెర వస్తే మళ్ళీ ఎంటర్. లినక్స్ తెరుచుకోగానే గుడిగంటలాంటి చిన్న శబ్దం పెట్టుకున్నారు. గంట మోగాక వెనక్కి వాలి, పాత పాటలు పెట్టుకుని, నేను వచ్చేదాకా వినేవారు. నేను మీర్‌పేట్ నుంచి బస్సులో వేలాడుకుంటూ వచ్చేసరికి పదయ్యేది.

మామూలుగా ఇలాంటి మెనూలు పది సెకన్లు లెక్కపెట్టి, మనం ఏమీ నొక్కకపోతే తమంతట తాము ఏదో ఒకదాంట్లోకి వెళ్ళిపోతాయి. ఆయన ఆ లెక్క తీసేశారు. మా మెనూ మనం చెప్పేదాకా కదిలేది కాదు. ఒకరోజు నేను ఆన్ చేసి, బాతాఖానీలో పడి, అరగంట తరువాత చూస్తే ఆ మూడు బొమ్మలూ అలాగే ఉన్నాయి. "గింత సేపు వేస్టయింది సార్, అదే పోతే అయిపోతుండె కదా," అని విసుక్కున్నాను. ఆయన నవ్వి, "మనిషి ఆలోచించుకుంటుంటే తొందర పెట్టడం నాకిష్టం ఉండదమ్మా," అన్నారు. మనుషులతో కూడా ఆయన అలాగే ఉండేవారు. దరఖాస్తు నింపడానికి వచ్చిన ముసలాయన పేరు ఎలా రాయాలో తేల్చుకోలేక పది నిమిషాలు నిలబడితే, ఆయన కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఆ పది నిమిషాలూ ఊరికే కూర్చునేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా అలా వస్తే నేనూ కూర్చుంటాను.

ఆ మెనూ ఎలా మార్చాలో నాకు నేర్పింది కూడా ఆయనే. బొమ్మల వరస, సైజు, అన్నీ ఒక మామూలు ఫైలులో రాసి ఉండేవి. ఏది మార్చినా ఆ లైను పైన హ్యాష్ గుర్తు పెట్టి, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రాయాలని ఆయన పట్టుదల. ఆ గుర్తు ఉన్న లైనును యంత్రం పట్టించుకోదు. "అది మెషీను కోసం కాదు, మన తరువాత వచ్చేవాడి కోసం," అనేవారు. ఆ ఫైలు నిండా అలాంటి లైన్లే. బొమ్మలు పెద్దవి చేశాను, రామ్మోహన్. బొమ్మలు ఇంకా పెద్దవి చేశాను, రామ్మోహన్. నాలుగైదుసార్లు ఉండేది ఆ లైను. ఎందుకో మాత్రం రాసేవారు కాదు. అందరికీ నియమం పెట్టిన మనిషి అదొక్కటీ తప్పారు.

నిజమే, నేను చేరినప్పుడు ఆ బొమ్మలు అగ్గిపెట్టెంత ఉండేవి. రెండేళ్ళు తిరిగేసరికి అరచెయ్యి అడ్డం పెట్టినా కప్పలేనంత అయ్యాయి. "ఏంది సార్, గింత పెద్ద చీపురు, రోడ్లు ఊడ్వనీకా?" అని ఆటపట్టించాను. "షాపు బోర్డు పెద్దగా ఎందుకు పెడతామమ్మా, దూరం నుంచి కనపడాలనే కదా," అన్నారు. ఆ రోజుల్లోనే ఆయన ప్రూఫు చూడడం మానేశారు. కాగితం నా చేతిలో పెట్టి, "నువ్వు చదువు, నేను వింటాను. కన్ను తప్పును సర్దేసుకుంటుంది, చెవి సర్దుకోదు," అనేవారు. నేను గడగడా చదివితే ఆపేవారు. "అలా కాదు, ప్రతి అక్షరం పలుకు. ఒత్తులు మింగకు." రోజూ మధ్యాహ్నం రెండు గంటలు నేను చదవడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం. నాకు తెలుగు వచ్చింది అక్కడే. కాలేజీలో రాలేదు. ఇవాళ ప్రెస్సులో నన్ను ప్రూఫు సెక్షన్‌కు పెద్దగా కూర్చోబెట్టారంటే ఆ మధ్యాహ్నాల వల్లే. కానీ ఆయన ఎందుకు వింటున్నారో నాకు తట్టలేదు. పెద్దమనిషి, చాదస్తం అనుకున్నాను. పక్కనే కూర్చుని రెండేళ్ళు కనిపెట్టలేదంటే, నాకున్న కళ్ళు ఎందుకో.

ఇక యాదగిరి గారి సంగతి. ఆయన మా సందులోనే ఒక కోచింగ్ సెంటర్ నడిపేవారు. మాది, వాళ్ళది పక్కపక్క ఊళ్ళు కావడంతో నన్ను చెల్లె అనేవారు. మా షాపు నడిచేది చాలావరకు ఆయన ఇచ్చే మెటీరియల్ మీదే. ఆ ఏడు దసరా ముందు టైపు చెయ్యమని చేతిరాతలో ఒక కొత్త పుస్తకం ఇచ్చారు, మూడు వందల పేజీల పైన. పండగ అయిన మూడో రోజు కొత్త బ్యాచి మొదలు, ఆ రోజుకు పిల్లల చేతుల్లో ఉండాలి. ఒకరోజు పొద్దున్నే ఆయన షాపులోకి వచ్చేసరికి నేను విండోస్‌లోకి మారడానికి కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేస్తున్నాను. తెర మీద ఎడమ పక్క మొదటగా ఆ పెద్ద చీపురు.

"ఏంది చెల్లె, పొద్దుగాల పొద్దుగాల చీపురు మొకం చూపిస్తున్నవ్? నా బుక్కు ఎట్ల నడుస్తది మరి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ ఆయనకు పట్టింపులు ఎక్కువని నాకు తెలుసు. నాకూ ఉన్నాయి. మా అమ్మ పొద్దున లేవగానే చీపురు కంటపడకుండా తలుపు చాటున పెట్టే మనిషి.

దసరాకు షాపులో కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేయడం మా అలవాటు. పూజకు ముందురోజు మధ్యాహ్నం పుస్తకం ఆఖరి పేజీ అయిపోయింది. సార్ వాళ్ళావిడతో కలిసి గుమ్మడికాయ, పూలు తేవడానికి కొత్తపేట వెళ్ళారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. పండగ పూట సార్‌ని ఆశ్చర్యపరుద్దామనిపించింది. లినక్స్‌లోకి వెళ్ళి, ఆ ఫైలు తెరిచి, చీపురునూ టీ గ్లాసునూ అటూ ఇటూ మార్చాను. ఇప్పుడు ఎడమ పక్క మొదటగా టీ గ్లాసు, మధ్యలో 'అ', కుడి పక్క చివరికి చీపురు. బొమ్మలకు పసుపురంగు అంచు కూడా వేశాను. మళ్ళీ ఆన్ చేసి చూసుకుని మురిసిపోయాను. హ్యాష్ పెట్టి లైను రాయలేదు. రాస్తే ఆశ్చర్యం ఏముంది? పుస్తకం నడుస్తున్నన్నాళ్ళూ శనివారం పని ఆపేశాం, అందుకని టైపు చేసిన పుస్తకమంతా విండోస్ వైపే ఉండిపోయింది. నేను అప్పుడు లినక్స్‌లోనే ఉన్నాను, అయిదు నిమిషాల్లో ఇటు మార్చేసేదాన్ని. బస్సుకు ఆలస్యమవుతోందని, పండగయ్యాక చూద్దామని కట్టేసి వెళ్ళిపోయాను. సార్‌కి చెబుదామనుకున్న మాట పూజ హడావిడిలో చెప్పనే లేదు. పూజ చేసిన యంత్రాన్ని రెండు రోజులు ముట్టుకోం కదా.

పండగయ్యాక మొదటి రోజు నేను షాపుకు వెళ్ళేసరికి పాటలు వినపడలేదు. రామ్మోహన్ గారు కుర్చీలో తెర వైపు తిరిగి, ముందుకు వంగి కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

"వచ్చావా సునీతా," అన్నారు. "ఇవాళ ఎందుకో ఆలస్యమవుతోందమ్మా. గంట మోగలేదు ఇంకా."

నేను తెర వైపు చూశాను. ఒక పొడుగాటి గీత దాదాపు చివరిదాకా నిండిపోయి ఉంది. దాని మీద వేలెడు పొడుగు అంకెలు, తొంభై ఆరు. చీపురు పని దాదాపు పూర్తయింది. ఆయన కళ్ళు సరిగ్గా ఆ అంకెల మీదే ఉన్నాయి. వాటిని చూస్తూ ఆయన గంట కోసం ఎదురుచూస్తున్నారు.

నాకు ముందు పుస్తకం గుర్తు రాలేదు. ఆయనకు కనపడటం లేదన్నది ఒక్కటే తట్టింది. "సార్, అది చీపురు సార్," అన్నాను. ఆయన ఒక్క క్షణం అర్థంకానట్టు నా వైపు తిరిగారు. తరువాత ఆయన ముఖంలో రంగు మారింది. "కుడికే నొక్కానమ్మా," అన్నారు. "కుడికి ఒకటి, ఎంటర్ రెండుసార్లు. రోజూలాగే."

ఆ మధ్యాహ్నమే అంతా చెప్పారు. కంటి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పి మూడేళ్ళయిందట. మొదట అక్షరాలు పోయాయి, తరువాత బొమ్మలు. ఇప్పుడు తెర ఉన్నచోట వెలుతురు మాత్రం తెలుస్తుందట. ఇంట్లో భార్య కామేశ్వరి గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. టైపు చేసే చేతులు దారి మరిచిపోలేదని, అవి ఉన్నంతకాలం షాపు నడపవచ్చని ఆయన ధైర్యం. "ఇది నీకు చెప్పకూడదని కాదమ్మా. నువ్వు జాలిపడితే నీ దగ్గర తప్పులు పట్టలేను," అన్నారు. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆయనకు కనపడవని తుడుచుకోలేదు.

అప్పుడే చెప్పాల్సింది. మార్చింది నేనని, ఆయన వేలు సరిగ్గానే నొక్కిందని. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోపు యాదగిరి గారు పుస్తకం కోసం వచ్చారు. సార్ లేచి నిలబడి, "నావల్లే పోయిందండీ. నా పొరపాటు. పిల్లదేం లేదు," అన్నారు. యాదగిరి గారు అరవలేదు. అరిచినా బాగుండేది. తల పట్టుకుని కూర్చుని, "ఎట్ల సార్ ఇప్పుడు? నూటయాభై మంది పిల్లలకు ఏం జెప్పాలె?" అన్నారు. చేతిరాత కాగితాలు ఇంకో షాపుకు పట్టుకుపోయారు. అక్కడ నలుగురిని పెట్టి మళ్ళీ మొదటినుంచి టైపు చేయించుకున్నారు. ఆ తరువాత పని మా దగ్గరికి రాలేదు. వాగుడుకాయనని పేరున్న నాకు ఆ ఒక్కమాటే రాలేదు.

అంతటితో ఆగినా సరిపోయేది. మర్నాడు నేను తొమ్మిది కాకముందే షాపుకు వెళ్ళాను. తాళం చెవి ఒకటి నా దగ్గర కూడా ఉండేది. కంప్యూటరు ఆన్ చేసి, ఆ ఫైలు తెరిచి, బొమ్మలను మళ్ళీ ఎప్పటి చోట్లలో పెట్టేశాను. పసుపు అంచు తీసేశాను. పావుగంట పని. ఆపేసి, కిందికి వెళ్ళి, బేకరీ దగ్గర నిలబడి, ఆయన పైకి వెళ్ళడం చూశాక పది నిమిషాలకు నేనూ వెళ్ళాను. ఆయన కంప్యూటరు ఆన్ చేసి, మెనూ దగ్గరే ఆపి నా కోసం చూస్తున్నారు. ఆ మెనూ ఎంతసేపైనా ఆగుతుంది కదా.

"ఒక్కసారి ఇటు చూడమ్మా," అన్నారు. "టీ గ్లాసు ఎటు పక్కనుంది?"

"కుడి పక్కన ఉంది సార్."

"సరిగ్గా చూడు. వెలుగు చట్రం ఎక్కడుంది?"

"'అ' మీదనే ఉంది సార్."

"చీపురు ఎడమ పక్కేనా?"

"ఎడమ పక్కనే సార్. ఎప్పటి లెక్కనే ఉంది."

మూడింటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఆయన కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు ముడిచి తెరిచి, "అయితే ఇదే అన్నమాట," అన్నారు. "చేతికి కూడా గుర్తు పోయింది." ఆ మాట ఆయన నాతో అనలేదు, తన చేతితో అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఉద్యోగం పోతుందనే భయం కాదు, ఆయన పంపించరని నాకు తెలుసు. ఆయన దగ్గర నేను మంచిదాన్ని. ఆ పేరు పోతుందని భయం. అంత చిన్న కారణం. అంతకన్నా పెద్దది ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు.

నెల తిరగకుండా షాపు మూసేశారు. పోయేముందు ఎల్బీ నగర్‌లో ఈ ప్రెస్సు ఓనరుకు నా గురించి చెప్పి, స్వయంగా వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. ఆటోలో నా భుజం పట్టుకుని కూర్చున్నారు. ఓనరు ఎదురుగా ఆయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "టైపింగ్ ఎవరైనా నేర్చుకుంటారండీ. ఈ పిల్ల తప్పు చేస్తే దాచదు. ఆ ఒక్కటి చాలు మీకు." నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఓనరు అది వినయమనుకున్నారు.

ఆ ఏడాదంతా నేను ఆయన ఇంటికి వెళ్ళలేదు. ఫోను చేసేదాన్ని, పండగలకు. గొంతు మామూలుగానే ఉండేది. పనుల గురించి అడిగేవారు, ఒత్తులు మింగుతున్నావా అని వేళాకోళం చేసేవారు. మళ్ళీ దసరా వచ్చింది. ప్రెస్సులో యంత్రాలకు పసుపు రాస్తుంటే నా వల్ల కాలేదు. సగంలో వదిలేసి, సెలవు చెప్పి, కొత్తపేట వెళ్ళాను. పాత పండ్ల మార్కెట్ దగ్గర సందులో, రెండో అంతస్తు వాళ్ళ ఇల్లు. కామేశ్వరి గారు తలుపు తీశారు. నన్ను చూసి సంతోషపడి, గొంతు తగ్గించి, "నువ్వైనా చెప్పమ్మా ఆయనకి. ఒక్క పనీ ముట్టుకోరు. గడ్డం కూడా మంగలిని ఇంటికి పిలిపించి గీయిస్తున్నాను," అన్నారు. నాకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు.

ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. పండగ ముందు బొమ్మలు మార్చింది నేనని, లైను రాయలేదని, పుస్తకాన్ని ఇటు మార్చకుండా పోయానని, పుస్తకం పోయిన మర్నాడు ఆయన రాకముందే వచ్చి మళ్ళీ సరిచేశానని. ఏడుస్తూ చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, నెమ్మదిగా అడిగారు.

"నేను టీ గ్లాసు ఎటు పక్కనుందని అడిగాను కదా. అప్పటికి సరిచేసేశావా?"

"చేసేసిన సార్."

"అంటే ఆ ముందురోజు, నేను కుడికే నొక్కాను."

"కుడికే నొక్కిన్రు సార్. మీది తప్పు లేదు."

ఆయన కుడిచెయ్యిని ఎడమ చేతిలోకి తీసుకున్నారు. కోప్పడతారేమో, కోప్పడితే బాగుండునని నిలబడ్డాను. "ఈ ఏడాది నేను స్టవ్ దగ్గరికి వెళ్ళలేదమ్మా," అన్నారు. "ఒంటరిగా మెట్లు దిగలేదు. కళ్ళు పోతాయని తెలుసు, దానికి సిద్ధపడే ఉన్నాను. మూడేళ్ళు చేతులకి అన్నీ నేర్పుకున్నాను. కళ్ళు పోతే చేతులున్నాయనుకున్నాను. ఆ రోజుతో చేతుల్ని నమ్మడం మానేశాను." అంతే అన్నారు. నన్ను ఏమీ అనలేదు. పోనీలే అని కూడా అనలేదు. వంటింటి గుమ్మం దగ్గర కామేశ్వరి గారు నిలబడి ఉన్నారు. ఆవిడ అంతా విన్నారు.

నేను వెళ్తానన్నప్పుడు ఆయన కుర్చీలోంచి లేచారు. "కిందిదాకా వస్తాను పద," అన్నారు. షాపులో ఉన్నప్పుడు ఎవరొచ్చినా కిందిదాకా దిగి పంపించడం ఆయన పద్ధతి. కామేశ్వరి గారు ముందుకు వచ్చారు, ఆయన చేత్తో వద్దన్నారు. గుమ్మం దాటి, గోడ తడుముకుంటూ మెట్ల దగ్గరికి వచ్చి, పిట్టగోడ మీద చెయ్యి వేశారు. ఒక మెట్టు దిగారు. రెండోది దిగారు. మూడోదానికి కాలు చాపి, ఆపేశారు. ఆ కాలు గాలిలో కాసేపు వెతుక్కుంది. వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ చాపారు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించలేదు, కానీ అందుకోనూ లేదు. నెమ్మదిగా ఆ మెట్టు మీదే కూర్చుండిపోయారు.

"పోయిన ఏడాదైతే దిగేవాణ్ణమ్మా," అన్నారు.

ఆ తరువాత వానాకాలంలో ఆయన పోయారు. అప్పటిదాకా నెలకొకసారి వెళ్ళి, ఏదో ఒక పుస్తకం చదివి వినిపించేదాన్ని. వినేవారు, తప్పులు పట్టేవారు. ఆ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించారో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది. ఇప్పుడు ప్రెస్సులో నాకు ఒక పేరుంది. ఏ తప్పు చేసినా గంట తిరగకుండా వెళ్ళి చెప్పేస్తానని, అది ఎవరూ కనిపెట్టలేని తప్పయినా సరే. ఒకసారి అచ్చు మొదలయ్యాక ఆపించి మరీ చెప్పాను. కొత్తగా చేరినవాళ్ళకు ఓనరు నన్ను చూపించి, సునీత దగ్గర నేర్చుకోండి, నిజాయితీ అంటే అది అంటారు. అది నిజాయితీ కాదు. తప్పు దొర్లిన ప్రతిసారీ నాకు ఆ మూడో మెట్టు మీద గాలిలో వెతుక్కున్న కాలు కనపడుతుంది. అది కనపడ్డాక నేను కుర్చీలో కూర్చోలేను, లేచి వెళ్ళి చెప్పేస్తాను.